పెట్టెలోనే పుట్టినట్టుండాలి, లాగితే పైకి రావాలి

బొమ్మ రైలు చూడ్డానికి వచ్చినవాళ్ళందరి కళ్ళూ ఇంజను మీదే ఉంటాయి. నా కళ్ళు అక్కడ నిలవవు. ఇంజను వెనకాల వచ్చే గూడ్సు పెట్టెల్లో ఏం పోశారు, ఎట్లా పోశారు, పోసినవాళ్ళకు ఆ పని వచ్చా రాదా అని చూస్తాను. బొగ్గు, ఇనుపరాయి, సరుగుడు కట్టెలు, వడ్ల బస్తాలు, ఉప్పు. జానెడు కూడా లేని పెట్టెలో పట్టే సరుకు తయారుచేయడమే నేను చేసిన ఉద్యోగం. నవ్వేవాళ్ళు నవ్వండి. నవ్వడం అయిపోయాక చదవండి.

బిట్రగుంట రైల్వే కాలనీ వెనక వీధిలో, ఒక పెంకుటింట్లో ఉంది మా కార్ఖానా. ఈ మధ్య నా వేళ్ళు వణుకుతున్నాయి. వణికే వేలితో గింజ అంటించకూడదు కాబట్టి మానేశాను. కొత్తగా చేరిన అమ్మాయిలు, "పెద్దమ్మా, నువ్వు చెప్పేదంతా గాలికి పోతా ఉండాది, రాసిపెట్టు" అన్నారు. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి. అందుకని నా మాటలు పొట్టిగా ఉంటాయి, మర్యాదలు తక్కువగా ఉంటాయి. జీతం ఎప్పుడు పెరిగింది, శాలువా ఎవరు కప్పారు అనేవి ఇందులో ఉండవు. వాటివల్ల మీ చేతికి పని రాదు.

ఎందుకు పైకి రావాలి

కొత్తవాళ్ళు మొదటి రోజే చేసే ఘనకార్యం ఒకటుంది. పెట్టె నిండా బొగ్గు పొడి పోసి, పైన బంక పోసి, "అయిపోయింది పెద్దమ్మా" అంటారు. నిజమే, పెట్టె పని అయిపోయింది! అది ఇక జన్మలో ఖాళీ కాదు. గనిలోంచి బొగ్గు తెచ్చిన రైలు తిరిగి గనికి బొగ్గుతోనే పోతుంది. గనికి బొగ్గు మోసుకుపోయే రైలును చూస్తే కుక్క కూడా నవ్వుతుంది.

మన సరుకు పెట్టెలో పోసేది కాదు, పెట్టెలో కూర్చోబెట్టేది. అడుగున పలుచని అట్ట వేస్తాం. దాని మీద థర్మాకోల్ ముక్కను గుట్టలాగా చెక్కి అంటిస్తాం. గింజ రాలినా లోపలి తెలుపు కనబడకుండా దానికి ముందే సరుకు రంగు పూస్తాం. పైన బంక రాసి గింజ చల్లుతాం. గుట్ట లోపల, పైభాగానికి దగ్గరగా, చిన్న ఇనుప వాషరు దాస్తాం. చివర అయస్కాంతం ఉన్న పుల్లను దగ్గరికి తెస్తే చాలు, సరుకంతా టక్కున పుల్లకు అంటుకుని పైకి లేస్తుంది. కింద ఖాళీ పెట్టె! మొదటిసారి అది చూసినప్పుడు నేను గంతేశాను. సిగ్గు లేకుండా చెప్తున్నాను, మొన్న చివరిసారి చూసినప్పుడూ గంతేశాను, మోకాళ్ళు ఒప్పుకున్నంత వరకు.

ఆ రైలు ఎక్కడుంది

కార్ఖానా పెంచలయ్య గారిది. రైల్వేలో గూడ్సు పెట్టెలు బాగుచేసే షెడ్డులో పనిచేసి రిటైరైన మనిషి. బొమ్మ పెట్టెలు తానే చేసేవాడు. సరుకు చేయడానికి మాత్రం ఓపిక ఉన్న ఆడవాళ్ళు కావాలన్నాడు. నేను అప్పటిదాకా గూడ్సు షెడ్డులో గంప మోసేదాన్ని. మిషన్లు వచ్చి గంపలు పోయాయి, గంపలతో పాటు నా కూలీ కూడా పోయింది.

మొదటి బొగ్గు గుట్టను నేను చాలా గర్వంగా చేశాను. గంపతో దించిన బొగ్గు నున్నగా పడదు. గంపకొక బొడిపె లేస్తుంది. ఆ బొడిపెలన్నీ పొందిగ్గా చెక్కి ఆయన ముందు పెట్టాను. పెంచలయ్య గారు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి చాలాసేపు చూశాడు.

"బాగానే ఉండాది చెంగమ్మా. ఈ రైలు యాడుండాది?"

"యాడుంటే ఏంది సార్? బొగ్గు బొగ్గే గదా."

"అట్టెట్టా? నువ్వు చేసింది సైడింగులో నిలబడిన రైలు. గంపలు ఇప్పుడే దించినారు, కూలోళ్ళు ఇంకా చెమట తుడుచుకుంటా ఉండారు. నా రైలు రెండు జిల్లాలు ఊగులాడుకుంటా వచ్చింది. బొగ్గు సర్దుకోదా? నువ్వు బస్సులో కావలి పోయొస్తే నీ కొప్పే సర్దుకుంటాదే!"

"నా కొప్పు సంగతి మీకెందుకు సార్" అన్నాను గానీ, ఆ మాట బుర్రలో నాటుకుపోయింది. గంప మోసినదాన్ని కాబట్టి బొగ్గు గురించి నాకే తెలుసనుకున్నాను. నాకు తెలిసింది బొగ్గు ఎక్కేదాకానే. ఆ తర్వాత అది చేసే ప్రయాణం ఆయనకు తెలుసు.

అప్పటినుంచి ఏ సరుకు ముట్టుకున్నా ముందు రెండు ప్రశ్నలు వేసుకున్నాను. ఎవరు పోశారు? ఎంత దూరం వచ్చింది? మిషను తొట్టితో పోస్తే పెట్టెకు రెండు మూడు పెద్ద గుట్టలు లేస్తాయి, మధ్యలో లోయలుంటాయి. గంపలతో పోస్తే బొడిపెలు. దూరం వచ్చిన కొద్దీ శిఖరాలు కుంగుతాయి, పెద్ద పెళ్ళలు అంచుల దగ్గరికి జారతాయి. ఇది తెలియకుండా మీరు ఎంత మంచి బొగ్గు చల్లినా అది చట్టిలో పెట్టిన ఇడ్లీలాగే ఉంటుంది.

అసలు వస్తువు పెట్టే తిప్పలు

పెంచలయ్య గారు మంచి మనిషి, మొండి మనిషి. ఆయనకొక సూత్రం ఉండేది: "అసలుది దొరుకుతుంటే నకిలీ ఎందుకు?" వినడానికి ఎంత బాగుంది! ఈ సూత్రం మమ్మల్ని పెట్టిన తిప్పలు ఇన్నీ అన్నీ కావు.

ఇనుపరాయి సరుకు కావాల్సి వస్తే ఆయన మైపాడు పోయి, సముద్రపు ఒడ్డున చారలుగా పరుచుకునే నల్ల ఇసుకను సంచికెత్తుకొచ్చాడు. పెట్టెల్లో చూస్తే, అబ్బ, తళతళ! రైలు గుండ్రంగా తిరుగుతుంటే మేమంతా చప్పట్లు కొట్టాం. కొంతసేపటికి ఇంజను పిల్లిలా మూలిగింది, ఆగిపోయింది. విప్పి చూస్తే లోపల మోటారుకు గడ్డం మొలిచింది! ఆ నల్ల ఇసుక అయస్కాంతానికి పరిగెత్తుకొచ్చే రకం. సరుకులోంచి రాలిన ప్రతి రేణువూ మోటారులోని అయస్కాంతాన్ని వెతుక్కుంటూ పోయి పట్టుకుంది. ఆ గడ్డం గీకడానికి మాకు ఒక పూట పట్టింది.

సరుగుడు కట్టెలదీ అదే కథ. మన తీరంలో తోపులకేం తక్కువ, సన్న పుల్లలు తెచ్చి, ముక్కలు కోసి, గొలుసులాంటి దారంతో కట్టాం. మొదళ్ళు ఒకవైపు, కొసలు ఒకవైపు కాకుండా తలా తోకా మార్చి పేర్చాం, లేకపోతే మోపు ఒక పక్కకు ఒరుగుతుంది. అంతా బాగుంది. ఎండాకాలం పోయేసరికి పచ్చి పుల్లలు ఎండి సన్నబడ్డాయి, కట్లు వదులయ్యాయి. మలుపు దగ్గర రైలు కట్టెలన్నీ కక్కేసింది. పుల్లను మిద్దె మీద ఎండబెట్టండి. విరిస్తే టక్కుమనాలి. వంగితే అది ఇంకా చెట్టే అనుకోండి, కట్టె కాదు.

గాల్లోకి లేచిన పెట్టె

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

చెన్నై నుంచి రాజగోపాల్ గారని ఒక పెద్దమనిషి వచ్చారు. బడి పిల్లలు చూడ్డానికి పెద్ద హాలు కట్టి అందులో మన తీరాన్ని బొమ్మగా పెడుతున్నారు. సముద్రం, ఉప్పు మళ్ళు, ఉప్పు గుట్టలు పోసే కొటారు, అక్కడికొచ్చే రైలు. పిల్లలే చక్రం తిప్పితే అయస్కాంతం ఉన్న చిన్న క్రేను దిగి, పెట్టెలోంచి సరుకు ఎత్తాలి. ఆయన మాటకు ముందొక "సరి సరి", వెనకొక "సరి సరి" ఉండేవి.

"సరి సరి, ఒకటి చెప్తానమ్మా. పిల్లలు రోజంతా తిప్పతారు. సరుకు ఒక్కసారి ఇరుక్కున్నా సరే, ఇంటికి పోయి అదే చెప్తారు. ప్రతిసారీ లేవాల. సరి సరి."

ఆ హాలుకు కావలసిన సరుకంతా మా బల్ల మీదే తయారు కావాలి. పెంచలయ్య గారు దాపరికం లేకుండా చెప్పేశాడు: "ఇది నెగ్గితే మీ బల్ల ఉంటాది. లేకుంటే సరుకుల పని మూసేసి, నేను పెట్టెలు మాత్రం చేసుకుంటా. ఇంక లాక్కురాలేను."

ఆ మాట నాకన్నా నా పక్కన కూర్చునే మస్తానమ్మకు గట్టిగా తగిలింది. మస్తానమ్మ ఉప్పు మళ్ళలో పనిచేసి వచ్చిన మనిషి. మా దగ్గర చేరాకే ఆమె మడమల పగుళ్ళు మూసుకున్నాయి. బల్ల పోతే ఆమెకు మిగిలేది మళ్ళీ ఆ ఉప్పునీళ్ళే. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆమే. సరుకు డబ్బాల మీద పేర్లు చూపించి, "ఇది బొగ్గులో బొ, ఇది బస్తాలో బ" అని మధ్యాహ్నం అన్నాలయ్యాక నేర్పింది. తప్పు చదివితే గంటెతో వేళ్ళ మీద వేసేది. పంతులమ్మ దెబ్బంటే అదీ.

ఉప్పు సరుకు అనగానే మస్తానమ్మ లేచి నిలబడింది. "మా ఊరి ఉప్పు ఉండగా ఇంకోటెందుకు సార్? మా అత్త పంపిస్తాది."

పెంచలయ్య గారికి పండగే. అసలుది! అత్త కోటమ్మ మూట పంపింది. ఉప్పుగల్లు చితక్కొట్టి, జల్లించి, అంటించాం. వడగాలి రోజులు. ఆ ఉప్పు ఎండలో ఎంత మెరిసిందని! కోటమ్మ మడిని చిన్నది చేసి పెట్టెలో పెట్టినట్టుంది.

తరవాత సముద్రం గాలి తిరిగింది. వానలు పట్టాయి. మన తీరంలో ఆ రోజుల్లో గోడలే చెమటలు పడతాయి, ఇక ఉప్పు ఊరుకుంటుందా? రాజగోపాల్ గారు సరిగ్గా ఆ తడిలోనే చూడ్డానికొచ్చారు. బల్ల మీద క్రేను పెట్టి ఆయనే చక్రం తిప్పారు. అయస్కాంతం దిగింది. ఉప్పు లోపలి వాషరును పట్టుకుంది. పైకి లేచింది.

ఉప్పుతో పాటు పెట్టె కూడా లేచింది. దాని కొక్కేనికి తగిలించిన వెనక పెట్టె కూడా లేచింది. రెండూ గాల్లో మేకపిల్లల్లాగా వేలాడాయి.

ఉప్పు చెమర్చి, ఆ నీళ్ళు పెట్టె గోడల పక్కకు దిగి, మళ్ళీ గట్టిపడి, సరుకునూ పెట్టెనూ ఒకటి చేసేశాయి. వాషరు తుప్పు పట్టి గుట్ట మీద ఎర్రటి మచ్చ తేలింది. కింద పట్టాలు కూడా తుప్పుతో గరగరలాడుతున్నాయి.

"అమ్మా," అన్నారు రాజగోపాల్ గారు, "క్రేను సరుకు దించాల. ఇదేంది, రైలునే దించేస్తా ఉండాది!" కోపంగా అనలేదు. అది ఇంకా భయంగా ఉంది. బయటి దేశాల నుంచి ప్లాస్టిక్ ఉప్పు గుట్టలు తయారుగా వస్తాయనీ, వానలు ఆగాక మళ్ళీ వస్తాననీ, అప్పటికీ ఇట్లాగే ఉంటే అవే తెప్పించుకుంటాననీ చెప్పి వెళ్ళారు.

మస్తానమ్మ తల ఎత్తలేదు. "మా ఊరి ఉప్పు నన్ను మోసం చేసినాది అక్కా."

"ఉప్పు మోసం చెయ్యలేదు మే," అన్నాను. "ఉప్పు ఉప్పు పని చేసినాది. మనమే దాన్ని రైలెక్కించినాం."

ఉప్పు కాని ఉప్పు

ఆ వానలంతా మేం చేయని ప్రయోగం లేదు. పంచదార పెట్టాం, తెల్లారేసరికి చీమలు టిక్కెట్టు లేకుండా రైలెక్కాయి. ముగ్గుపిండి పెట్టాం, మెరుపు లేదు, పిండి వంటలాగా ఉంది. గాజు నలగ్గొడదామని ఒకామె అంటే నేనే తిట్టాను. పిల్లలు ముట్టుకునే చోట గాజా?

ఆ రోజుల్లో గూడూరు వైపు ఒక పెళ్ళికి పోయాను. దారిలో పాత అభ్రకం గనుల పక్కన తెల్లటి పలుగురాళ్ళు కుప్పలుగా పడున్నాయి. వానకు కడిగినట్టు ఉన్నాయి. ఒక రాయి పగిలి ఉంటే చేతిలోకి తీసుకున్నాను. పగిలిన చోట అచ్చం ఉప్పుగల్లే! పెళ్ళికూతుర్ని సరిగా చూశానో లేదో గుర్తు లేదు, కొంగు నిండా రాళ్ళు కట్టుకుని బస్సెక్కాను. కండక్టరు, "ఏం అవ్వా, పెళ్ళిలో లడ్లా?" అన్నాడు. "ఔ నాయినా, కొరుకుతావా?" అన్నాను.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. పలుగురాయిని పొడిగా దంచకండి. నీళ్ళు చల్లి దంచండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఆ దుమ్ము లోపలికి పోతే మళ్ళీ బయటికి రాదు. సరుకు కోసం ఊపిరి పోగొట్టుకోకండి.

రాళ్ళు దంచిన రవ్వ చూపిస్తే పెంచలయ్య గారు ముందు ఒప్పుకోలేదు. "రాయిని చూపించి ఉప్పంటావా?"

"రాయి కరగదు సార్. మీ ఆర్డరూ కరగదు."

ఆయన చాలాసేపు ఆ రవ్వను అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. తర్వాత ఏమీ అనకుండా పోయి, వాషరుకు తుప్పు పట్టకుండా ఏం పూయాలో ఆలోచించడం మొదలుపెట్టాడు. మొండివాడు మారితే అట్లాగే మారతాడు, చెప్పడు. చివరికి ఆయన కూతురి గోళ్ళరంగు సీసా పనికొచ్చింది. సరుకుకూ పెట్టె గోడకూ మధ్య చుట్టూ పోస్టుకార్డు మందం ఖాళీ వదలాలని కూడా ఆయనే తేల్చాడు. అంతకన్నా తగ్గితే ఇరుక్కుంటుంది, పెరిగితే దొంగతనం బయటపడుతుంది.

మిగతాదంతా మస్తానమ్మది. నా రవ్వను చూసి పెదవి విరిచింది. "ఇంత తెల్లటి ఉప్పు అంగట్లో పాకెట్లో ఉంటాది అక్కా. మళ్ళో ఉప్పుకు మన్ను రంగు తగలాల." పలుచని టీ డికాషన్లో రవ్వను తడిపి ఆరబెట్టింది. పెద్ద గల్లు గుట్ట అడుగుకు జారి, సన్నది పైన నిలిచేట్టు చల్లింది. గంప అంచు తగిలి గుట్ట మీద పడే సొట్టను కూడా వేలిగోరుతో నొక్కింది. చూస్తుంటే నాకు దాహం వేసింది!

ఒకరోజు ఆమె సరుకు పక్కన పెట్టి, ఖాళీ పెట్టె లోపల ఏదో గెలుకుతోంది.

"సరుకు కింద ఎవురు చూస్తారు మే?" అన్నాను.

"క్రేను లేపినాక అందరూ చూసేది అదే గదక్కా" అంది తలెత్తకుండా.

కోటమ్మ వచ్చిన రోజు

వానలు ఆగాయి గానీ గాలిలో తడి పోలేదు. రాజగోపాల్ గారు వస్తానన్న రోజునే మస్తానమ్మ అత్త కోటమ్మ కూడా పీతల పులుసు గిన్నెతో బస్సు దిగింది. కోటమ్మ ఒళ్ళంతా ఎండకు కాలి ఉంటుంది. బతుకంతా ఉప్పు మళ్ళలోనే. కొటారుకు వచ్చిన గూడ్సు పెట్టెలను ఊడ్చే పని కూడా చేసింది.

ఉప్పు మనిషికి ఒక అలవాటుంటుంది. ఎక్కడ ఉప్పు కనబడినా చిటికెడు నోట్లో వేసుకుని, ఏ మడిదో, ఆ మడిలో ఎన్నోసారి తీసిందో చెప్పేస్తారు. అడగక్కర్లేదు, ఆపినా ఆగరు. బల్ల మీద ఉప్పు పెట్టె నిలబెట్టి, పక్కన పళ్ళెంలో మిగిలిన రవ్వ ఉంచాం. మేం రాజగోపాల్ గారికి కుర్చీ వేసే లోపల కోటమ్మ పళ్ళెంలోంచి చిటికెడు తీసి నోట్లో వేసుకుంది.

కటుక్కుమంది.

"ఓయమ్మో! ఏం ఉప్పే ఇది! చప్పగా చచ్చినాది, పన్ను ఇరిగేట్టుండాది! ఏ మళ్ళో తీసినారే దీన్ని?"

"తుప్పున ఊసెయ్ అత్తా, అది రాయి!" అని మస్తానమ్మ పరిగెత్తింది.

రాజగోపాల్ గారు కుర్చీలో కూర్చోకుండానే పడీపడీ నవ్వారు. "సరి సరి! ఉప్పు మళ్ళ అవ్వే మోసపోయింది. ఇంకేం చూడక్కర్లేదు, ఆర్డరు మీదే."

పెంచలయ్య గారి ముఖం వెలిగిపోయింది. నాకు మాత్రం గాల్లో వేలాడిన ఆ రెండు పెట్టెలే కళ్ళ ముందున్నాయి. "కాదు సార్," అన్నాను. "అవ్వ మోసపోతే చాలదు. సరుకు లేవాల. క్రేను తిప్పండి."

పెంచలయ్య గారు నన్ను కాల్చేసేలా చూశాడు. చూడనీ. ఈ తడిలో లేవకపోతే ఆ హాలులో ఏ తడిలోనూ లేవదు. హాలుకు పోయాక ఇరుక్కోవడం కన్నా మా బల్ల మీద ఇరుక్కోవడం మేలు.

రాజగోపాల్ గారు చక్రం తిప్పారు. క్రేను దిగుతుంటే మస్తానమ్మ నా మణికట్టు పట్టుకుంది, గాజులు నొక్కుకుపోయేలా. అయస్కాంతం గుట్టకు తాకింది. చిన్న టిక్కు వినబడింది. ఉప్పు లేచింది.

ఉప్పు ఒక్కటే లేచింది! పెట్టె పట్టాల మీద కదలకుండా నిలబడి ఉంది. గుట్ట ఒక్క గింజ రాల్చకుండా గాల్లో మెల్లగా తిరిగింది. నేను గంతేశాను. పెంచలయ్య గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, అవి శుభ్రంగానే ఉన్నా. మస్తానమ్మ మాత్రం నా చెయ్యి వదలకుండా కిందికి చూస్తోంది.

అప్పుడు మేమంతా వంగి ఖాళీ పెట్టెలోకి చూశాం. నాలుగు మూలల్లో తెల్లటి పెచ్చు. నేల మీద చీపురు లాగిన గీతలు. గోడల అడుగున, ఉప్పు తిన్న చోట, సన్నటి తుప్పు చార. నిజంగా ఎవరో ఉప్పు దించేసి, తొందరగా ఊడ్చి, భోజనానికి పోయినట్టుంది. రాజగోపాల్ గారు నోరు తెరిచారు గానీ, "సరి" కూడా రాలేదు.

మాట కోటమ్మకే వచ్చింది. ఆమె అందరినీ తోసుకుని ముందుకొచ్చి, ముక్కు పెట్టెకు తగిలేంతగా వంగింది.

"ఎవురే దీన్ని ఊడ్చింది? మూలల్లో ఉప్పంతా అట్నే వదిలేసినారే! నా కాలంలో ఇట్టా ఊడిస్తే మేస్త్రీ ఊరుకుంటాడా? ఏదీ, చీపురు ఇట్టా తే!"

నిజంగానే చీపురు కోసం చుట్టూ చూస్తోంది. మస్తానమ్మ నా చెయ్యి వదిలేసింది.

"చూసినావా అక్కా," అంది, "కింద ఎవురు చూస్తారంటివే."